బోర్డు మీద ఆరన్ పేరు

వాటర్లూ
మే 19, సోమవారం

స్వర్ణక్కా,

వందనాలు. ముందు నా నంబరు అన్‌బ్లాక్ చెయ్యి. నేను ఇమిగ్రేషన్ ఆఫీసర్ గొంతుతో ఫోన్ చేసి నీ కెనడా పీఆర్ కార్డు వెనక్కిచ్చెయ్యమని జోకు వేసింది మార్చిలో. ఇప్పుడు మే వచ్చింది. సిలువ మీద దొంగని కూడా అదే రోజు క్షమించారు. "ఏదన్నా ఉంటే ఉత్తరం రాయమను, కాయితం మీద గొంతు మార్చలేడు" అన్నావంట మా ఆవిడ ఏనీతో. సరే, రాస్తున్నా. ఎనిమిదో తరగతిలో బడి మానేశాక ఇంత రాయడం ఇదే.

నీ కొడుకు సంగతే. ఆరన్ ఇక్కడ యూనివర్సిటీలో చేరగానే ఆ ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ టీములో కూడా చేరాడని నీకు తెలుసు. గ్రాండ్ రివర్ హెరాన్స్. నేను కొంగలంటాను. వాళ్లాడే పార్కులో గడ్డి కోసేదీ గీతలు గీసేదీ నేనే కాబట్టి నన్ను కూడా లాగారు. గోల్ అంపైర్ని అక్కా నేను. తెల్లకోటు, రెండు జెండాలు.

ఆట తేలికే. నాలుగు క్వార్టర్లు, మధ్యలో మూడు బ్రేకులు. కోలగా ఉంటుంది బంతి. గ్రౌండుకి అటు నాలుగు గుంజలు, ఇటు నాలుగు. నడిమి రెండు పొడుగు గుంజల మధ్యనుంచి తంతే ఆరు పాయింట్లు, నేను రెండు జెండాలూ ఊపాలి. పక్క సందులోంచి పోయినా, గుంజకి రాసుకుని పోయినా ఒకటే పాయింటు, ఒకటే జెండా. నేనూపగానే అటు చివరున్న అంపైరు కూడా తిరిగి ఊపాలి. చూశాను, రాసుకున్నాను అని. ఎవడన్నా తన్నిన బంతిని గాల్లో ఎగిరి పట్టుకుంటే దాన్ని మార్క్ అంటారు, ఇంక వాణ్ణి ఎవడూ ముట్టుకోకూడదు, తాపీగా గోల్‌కి తన్నుకోవచ్చు. ఎగరడమంటే మామూలుగా కాదు, ఒకడి భుజం మీద ఒకడు మోకాలు పెట్టి మరీ ఎగురుతారు.

ఇప్పుడు చెప్పు. ఆరడుగుల మూడంగుళాలున్న నీ కొడుకుని ఎక్కడ నిలబెట్టాలి? గోల్ ముందర. దాన్ని ఫుల్ ఫార్వర్డ్ అంటారు. మా కోచ్ సంజయ్ ఏం చేస్తాడో తెలుసా? బెంచీ మీద కూర్చోబెడతాడు. చివరి అయిదు నిమిషాలు దింపి, అవతల గీత పక్కన, బంతి పొరపాటున కూడా రానిచోట నిలబెడతాడు. గోల్ ముందర ఎవరంటే లక్ష్మీకాంతం. నలభై రెండేళ్లు, బ్యాంకులో డేటా చూసుకుంటాడు, బంతొస్తుంటే ఫోన్ వచ్చినట్టు జేబు తడుముకుంటాడు.

ఈ సంజయ్ హైదరాబాదు నుంచి మెల్‌బోర్న్ వెళ్లి ఆరేళ్లు చదివి, ఇక్కడ సాఫ్ట్‌వేర్‌లో పడ్డాడు. ఆట పుట్టిన ఊరి గాలి పీల్చాడు కాబట్టి ఆట ఆయనకే తెలుసు. నువ్వొక్కసారి ఫోన్ చేసి అడుగు, మా అబ్బాయిలో ఏం తక్కువని. నేనడిగితే జోకు అనుకుంటున్నాడు.

నీ తమ్ముడు,
సువార్తరాజు

—

విన్నిపెగ్
జూన్ 1

ఒరేయ్ రాజూ,

నీ ఉత్తరం అందింది. కవరు మీద "భారత ప్రభుత్వం, రహస్యం" అని రాస్తే ఈ ఊరి పోస్ట్‌మ్యాన్ భయపడడు.

ఆరన్ అక్కడికి వెళ్లింది చదువుకోడానికి. బెంచీ మీద కూర్చున్నాడంటే నాకు సంతోషమే, కాస్త రెస్ట్ దొరుకుతుంది. నేను కోచ్‌కి ఫోన్ చెయ్యను. నువ్వు కూడా ఆయన జోలికెళ్లకు. తెలిసినాయన, తెలిసే చేస్తాడు.

మా కేర్ హోమ్‌లో ఇద్దరు మానేశారు, నాకు డబుల్ షిఫ్టులు. మీ బావ ట్రక్కు మీద కాల్గరీ వెళ్లారు. వాడికి వేళకి అన్నం పెడుతున్నందుకు ఏనీకి థాంక్స్ చెప్పు. నంబరు సంగతి క్రిస్మస్‌కి ఆలోచిస్తా.

అక్క

—

వాటర్లూ
జూన్ 22

అక్కా,

"తెలిసే చేస్తాడు" అన్నావు. ఏం తెలుసో విను.

నాలుగు మ్యాచులు, నాలుగూ ఓడిపోయాం. నిన్న టొరొంటో వాళ్లమీద అరవై ఏడు పాయింట్ల తేడా. నా చివర గుంజల దగ్గర పని లేక గడ్డిలో కలుపు పీకుకున్నాను. మనవాళ్లు బంతి దొరికితే పక్కకి తంతారు. ఆ పక్కోడు ఇంకా పక్కకి తంతాడు. వాడి తర్వాతోడు వెనక్కి తంతాడు. బంతి గ్రౌండంతా కొత్తిల్లు చూడ్డానికొచ్చిన చుట్టంలాగ తిరిగి తిరిగి, ఆఖరికి అవతలోడి చేతిలోకి పోతుంది. అరిచి అరిచి గొంతు పోయింది. అంపైరు అరవకూడదంట, నాకు రెండుసార్లు వార్నింగ్ కూడా ఇచ్చారు.

బ్రేక్‌లో అడిగేశాను. "సంజయ్ గారూ, ముందుకి తన్నడం మీ మెల్‌బోర్న్‌లో నిషేధమా?"

"రాజన్నా, బంతి మన దగ్గరున్నంతసేపు వాళ్లు స్కోర్ చెయ్యలేరు."

"మనం మాత్రం చేస్తున్నామా?"

"జర ఓపిక పట్టన్నా. ప్రాసెస్‌ని నమ్మాలి." అని లాప్‌టాప్ తెరిచి గ్రాఫ్ చూపించాడు. నాకు గ్రాఫులు రావు, స్కోరుబోర్డు వచ్చు.

"మరి ఆరన్‌ని ఎందుకు ఆడించట్లేదు?"

అప్పటిదాకా నా మొహంలోకి చూస్తూ మాట్లాడినోడు లాప్‌టాప్ మూసి, కిందకి చూశాడు. "ఆ ఒక్కటి అడక్కన్నా. అది నా డెసిషన్."

చూశావా, దొంగచూపు. ఏదో ఉంది. లక్ష్మీకాంతం వాళ్లావిడ ప్రతి శనివారం టీముకి పులిహోర పంపిస్తది. నేను అనట్లేదు, నువ్వే అర్థం చేసుకో.

మ్యాచ్ అయ్యాక ఆరన్ నా కారులోనే ఇంటికొచ్చాడు. బూట్లు ఒళ్లో పెట్టుకున్నాడు. ఒక్క చుక్క మట్టి లేదు వాటికి. ఇంటి దగ్గర దిగుతూ, "మామయ్యా, మే బీ ఐ యామ్ జస్ట్ నాట్ గుడ్ ఇనఫ్" అన్నాడు. వాడా అక్కా చాలనోడు? వారంలో మూడు ప్రాక్టీసులూ వదలడు, అందరికంటే ముందొచ్చి కోన్లు సర్దేది వాడే, అందరికంటే ఎత్తు ఎగిరేదీ వాడే. మ్యాచ్ రోజు మాత్రం వాటర్ బాటిళ్లు మోస్తాడు. నీ కొడుకు వాటర్ బాటిళ్లు మోస్తున్నాడు, సరేనా?

నువ్వడగకపోతే నేనే ఏదోటి చేస్తా.

రాజు

—

విన్నిపెగ్
జూలై 1

రాజూ,

ఏదోటి చెయ్యొద్దు. చేతులు జేబులో పెట్టుకుని, జెండాలు ఊపాల్సొచ్చినప్పుడు మాత్రమే తియ్యి.

నీకు చెప్పలేనివి కొన్ని ఉంటాయి. ఎందుకు చెప్పలేనంటే నువ్వు నువ్వు కాబట్టి. వాడు నాలుగు రోజులు బాధపడితే నేను చూసుకుంటాను. పెద్దదాన్ని చెప్తున్నా, ఆ ఆటలో వాడి గురించి వేలు పెట్టకు.

అక్క

—

విన్నిపెగ్
జూలై 23

రాజూ,

నేను ఇల్లు చేరి మూడు రోజులైంది. ఫ్లైట్‌లో అంతా నాకు మీ ఒంటారియో లండన్‌లోని ఆస్పత్రి వరండానే కళ్లముందు. నువ్వు ఆ తెల్లకోటుతోనే కుర్చీలో కూర్చుని ఉంటే, ఎవరో ఒకావిడ డాక్టరనుకుని నీ దగ్గరికొచ్చి ఆమె భర్త గురించి అడిగింది. నువ్వు జోకు వెయ్యలేదు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది.

ఇప్పుడు నీకు చెప్తాను, ఇంక దాచి లాభం లేదు.

రెండేళ్ల కిందట ఇక్కడ హాకీ ఆడుతూ ఆరన్ తల ఐస్‌కి కొట్టుకుంది. మూడు నెలలు చీకటి గదిలో ఉన్నాడు. నీకు చెప్పలేదు. నా కడుపులో గడ్డ సంగతి నీ ఒక్కడికి చెప్తే, ఆదివారానికల్లా మీ సంఘంలో ప్రార్థన మనవి అయ్యి, అయ్యగారు మైకులో నా పేరూ గడ్డ సైజూ కూడా చదివారు. గుర్తుందా? ఆరన్‌కి ఇక్కడ అదే జరిగింది. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక వరసకట్టి వచ్చి, దెబ్బ తగిలిన తలమీదే చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. వాడు సిగ్గుతో చచ్చిపోయాడు. "అమ్మా, వాటర్లూలో ఎవ్వరికీ చెప్పొద్దు, మామయ్యకి అస్సలొద్దు" అని మాట తీసుకున్నాడు.

ఇంకోసారి తగిలితే మామూలుగా ఉండదని డాక్టరు అప్పుడే అన్నాడు. ఆట మానెయ్యమంటే వాడు తిండి మానేశాడు. అందుకని ఏప్రిల్‌లో వాడికి తెలియకుండా సంజయ్‌కి ఈమెయిల్ పెట్టాను. బాబూ, టీములో ఉండనివ్వు, ప్రాక్టీస్ చెయ్యనివ్వు, కానీ ఎగిరే చోట మాత్రం పెట్టొద్దు అని. ఆయన ఒప్పుకున్నాడు. "మీ బాబు నా తమ్ముడనుకోండి ఆంటీ" అన్నాడు. మూడు నెలలు మాట నిలబెట్టుకున్నాడు కూడా.

మరి జూలై 12న, లండన్‌లో మ్యాచ్ రోజు, వాడి తలకి మళ్లీ ఎలా తగిలింది? మూడో బ్రేక్ తర్వాత వాణ్ణి ఫుల్ ఫార్వర్డ్‌లో పెట్టారని నువ్వే ఏనీ ఫోన్‌లోంచి చెప్పావు. ఎవరు పెట్టారంటే "బోర్డు మీద ఉంది" అన్నావు. ఆస్పత్రిలో సంజయ్‌ని నిలదీస్తే, "నేను పెట్టినట్టు గుర్తులేదు ఆంటీ, హడావిడిలో నేనే మార్చానేమో" అని తల పట్టుకున్నాడు. గుర్తులేదంట. నా కొడుకు ఇంకెప్పుడూ ఏ ఆటా ఆడకూడదన్నారు డాక్టర్లు. మీ బేస్‌మెంటులో కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకుని ఉన్నాడు. ఆయనకి గుర్తులేదు.

లీగ్ వాళ్లకి కంప్లైంట్ రాశాను. జన్మలో ఆయన ఇంకో పిల్లాణ్ణి గ్రౌండులోకి పంపకూడదు. పెద్దవాళ్లెవరైనా చూసినవాళ్లు సంతకం పెట్టాలంట. గుంజల దగ్గర నిలబడింది నువ్వే. కాయితం ఇందులో పెట్టాను. సంతకం చేసి వెంటనే పంపు.

అక్క

—

వాటర్లూ
జూలై 30

అక్కా,

కాయితం తిరిగి పంపుతున్నా. సంతకం లేదు. కూర్చుని చదువు.

బోర్డు మార్చింది నేను.

మా కోచ్ దగ్గర ఒక తెల్లబోర్డు ఉంటుంది. గ్రౌండు బొమ్మ మీద పేర్లు రాసిన అయస్కాంతం బిళ్లలు అంటిస్తాడు. ఎవడు ఎక్కడ నిలబడాలో బ్రేక్‌లో అందరూ దాన్ని చూసే వెళ్తారు. ఆ రోజు మూడో బ్రేక్‌లో సంజయ్ ఒకడి మడమకి పట్టీ చుడుతున్నాడు. పందొమ్మిది పాయింట్లు వెనకున్నాం. మళ్లీ వెనక్కే తన్నమని చెప్పి వెళ్లాడు. నాకు ఒళ్లు మండిపోయింది. బెంచీ గడిలో ఉన్న ఆరన్ బిళ్ల తీసి గోల్ ముందర పెట్టా, లక్ష్మీకాంతం బిళ్ల బెంచీ మీదకి నెట్టా. రెండు సెకన్లు పట్టింది. ఫోన్‌లో గొంతు మార్చడం కంటే తేలిక.

లక్ష్మీకాంతం చూసుకుని, "మంచిదైందిలే, మోకాలు లాగేస్తోంది" అని కూర్చున్నాడు. ఆరన్ బోర్డు వంక చూశాడు, నా వంక చూశాడు. అక్కా, వాడి మొహం వెలిగిపోయింది. సంజయ్ తలెత్తేసరికి ఆట మొదలైపోయింది. గీత పక్కనుంచి "ఆరన్, ఆరన్" అని అరుస్తూనే ఉన్నాడు. ఎంకరేజ్ చేస్తున్నాడనుకుని నవ్వుకున్నాను.

రెండో నిమిషంలో వాడు ఎగిరి మార్క్ పట్టాడు. గోల్ కొట్టాడు. నేను రెండు జెండాలూ చిరిగిపోయేలా ఊపాను. రెండోసారి ఎగిరినప్పుడు పైనుంచి అవతలోడి మోకాలి మీద తల పడింది. నాకు నాలుగడుగుల దూరంలో. చప్పుడు విన్నాను. బంతి పక్క సందులోంచి పోయింది, నేను జెండా ఎత్తలేదు. అటు చివరాయన నేనూపుతానని చూస్తానే ఉన్నాడంట.

నీకు ఫోన్‌లో "బోర్డు మీద ఉంది" అన్నాను. అబద్ధం కాదని నాకు నేను చెప్పుకున్నాను. సంజయ్ నీ ముందు తల పట్టుకుంటే పక్కనే కూర్చున్నా, నోరు తెరవలేదు. పద్దెనిమిది రోజులు.

నా మీద నాకున్న కోపం రాయడానికి ఈ కాయితం చాలదు. నీ మీద కూడా ఉంది, దాచను. జూన్ నెలలో ఒక్క ముక్క రాసుంటే, తలకి దెబ్బ తగిలింది అన్న మూడు మాటలు, ఆ బిళ్ల ముట్టుకునేవాణ్ణా? నీ గడ్డ సంగతి సంఘంలో చెప్పింది నేనే, ఒప్పుకుంటా. దానికి శిక్ష వాడు పడాలా?

ఏం చెయ్యమంటావో చెప్పు. చేస్తా.

రాజు

—

విన్నిపెగ్
ఆగస్టు 7

సువార్తరాజు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చింపేద్దామనుకున్నాను. రెండోసారి ఫ్లైట్ ఎక్కి వచ్చి నిన్ను కొడదామనుకున్నాను. మూడోసారి చదువుతుంటే మీ బావ నా చేతిలోంచి లాక్కుని చదివి, బయటికెళ్లి ట్రక్కు కడిగారు.

చిన్నప్పటినుంచీ నువ్వు చేసినవాటికి నేను నవ్వాను. అమ్మ కొట్టబోతే అడ్డం వచ్చాను. తప్పు నాదే. ఇంక నవ్వను.

నీకెందుకు చెప్పలేదని నువ్వు గుచ్చి అడిగావు, జవాబు చెప్తా. నీకు చెప్పకపోవడం నా భయం. వాడికి చెప్పకుండా సంజయ్‌కి రాయడం ఇంకా పెద్ద తప్పు. "నాట్ గుడ్ ఇనఫ్" అని నీ కారులో వాడు అన్నాడని జూన్‌లో చదివి కూడా నోరు మూసుకున్నాను. తనకి చేతకాదనే కదా మూడు నెలలు అనుకున్నాడు. అది నేను చేసింది.

కంప్లైంట్ వెనక్కి తీసుకున్నాను. సంజయ్‌కి ఫోన్ చేసి క్షమాపణ అడిగాను. ఎవరు మార్చారో చెప్పలేదు. అది నువ్వు చెప్పాలి, టీమంతా ఉన్నప్పుడు, జోకు లేకుండా. ఆ తర్వాత నీ ఉత్తరం, ఈ ఉత్తరం రెండూ ఆరన్‌కి చదివి వినిపించు. వాడింకా కళ్లతో చదవలేడు. నా ముక్క కూడా నీ నోటితోనే చదువు. గొంతు మార్చకుండా.

స్వర్ణకుమారి

—

వాటర్లూ
సెప్టెంబరు 14, ఆదివారం

అక్కా,

నెల దాటింది, రాయలేదు. రాయడానికి ఏమన్నా జరగాలి కదా.

నువ్వు చెప్పినట్టే చేశాను. ప్రాక్టీసుకి ముందు అందరినీ ఆపి చెప్పాను. సగంలో ఎవడో నవ్వాడు, నేను మళ్లీ ఏదో వేస్తున్నాననుకుని. నవ్వు ఆగేదాకా నిలబడి మళ్లీ మొదట్నుంచి చెప్పాను. సంజయ్ బోర్డు వంక చూశాడు. తర్వాత, "నెల రోజుల నుంచి నా బుర్ర పాడైపోయిందనుకుంటున్నా అన్నా. మా ఆవిడ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది" అన్నాడు. తిట్టుంటే బాగుండేది. నా తెల్లకోటు, జెండాలు ఇచ్చేశాను. తీసుకోలేదు. "మనుషుల్లేరన్నా, నువ్వే నిలబడు. బోర్డు జోలికి రాకు" అన్నాడు.

ఆరన్‌కి రెండు ఉత్తరాలూ చదివాను. గోడవైపు తిరిగి విన్నాడు. అయ్యాక, "ప్లీజ్ గో అప్‌స్టెయిర్స్" అన్నాడు. అంతే. ఏనీతో మాట్లాడతాడు, నీతో ఫోన్‌లో మాట్లాడుతున్నాడని తెలుసు. నాతో ముప్పై ఒక్క రోజులు ఒక్క మాట లేదు. దుప్పటి తీశాడు, చదువుకుంటున్నాడు, అప్పుడప్పుడు మెట్లెక్కి వచ్చి నేను లేనప్పుడు టీవీ చూస్తున్నాడు. నేనొస్తే లేచిపోతాడు.

నిన్న ఆఖరి మ్యాచ్. మళ్లీ లండన్ వాళ్లే, మన పార్కులో. అటు చివర నిలబడాల్సిన వాళ్ల అంపైరు రాలేదు. సంజయ్ చుట్టూ చూసి, ఆట చూడ్డానికొచ్చి గీత పక్కన కూర్చున్నోణ్ణి, "ఆరన్, నువ్వు నిలబడతావా?" అన్నాడు. వాడు కోటు తొడుక్కుని, నా పక్కనుంచి నడుచుకుంటూ వెళ్లి అటు చివర నిలబడ్డాడు. నూట యాభై గజాలు. మా ఇంట్లో ఉన్న దూరమే.

సంజయ్ ఏమీ మారలేదక్కా. అదే పక్కకి తన్నుడు, అదే వెనక్కి తన్నుడు. మూడు క్వార్టర్లు పళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాను. అయినా ఏదో అదృష్టం, ఆఖరి తన్నుకొచ్చేసరికి నాలుగే పాయింట్లు వెనకున్నాం. సీజనంతటిలో ఒక్క మ్యాచ్ గెలవలేదు. బంతి లక్ష్మీకాంతం దగ్గరికొచ్చింది. జేబు తడుముకోలేదు. తన్నాడు. నడిమి గుంజల మధ్యనుంచే పోయింది. అందరూ గాల్లోకి ఎగిరి ఒకళ్లమీద ఒకళ్లు పడ్డారు.

పోతూ పోతూ కుడి గుంజకి రాసుకుంది. ఇంత, గోరంత. నేను గుంజ కిందే ఉన్నా, విన్నాను. ఇంకెవడూ వినలేదు. లండన్ వాళ్లు కూడా తలలు దించుకుని వెళ్లిపోతున్నారు.

రెండు జెండాలెత్తితే గెలిచాం. ఒకటెత్తితే మూడు పాయింట్లతో ఓడిపోయాం.

ఒకటి ఎత్తాను.

అప్పుడు చూడాలి. లక్ష్మీకాంతం మోకాళ్లమీద కూలబడి, "రాజుగారూ, ఇది కూడా జోకేనా" అన్నాడు. ఒకడు నా కోటు పట్టుకున్నాడు. సంజయ్ పరిగెత్తుకుంటూ వచ్చి వాణ్ణి లాగి, నా మొహంలోకి చూశాడు. "గుంజకి తగిలిందా?" "తగిలింది." "సరే" అని వెనక్కి తిరిగాడు. నేను జెండా దించలేదు. అటునుంచి జవాబు వచ్చేదాకా దించకూడదు.

ఆరన్ కదల్లేదు. అటు చివర తెల్లగా, నిటారుగా. ఎంతసేపో తెలీదు. నా చెయ్యి లాగేస్తోంది. తర్వాత వాడి చెయ్యి లేచింది. ఒక జెండా. ఒకటే.

ఇంటికి కారులో వచ్చాం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కిటికీలోంచి చూస్తూ అన్నాడు, "ఇట్ హిట్ ద పోస్ట్, రైట్?"

"అవున్రా."

"ఐ నో. ఐ హర్డ్ ఇట్."

నూట యాభై గజాల నుంచి ఎలా వినపడుద్దక్కా? పచ్చి అబద్ధం. గ్రీన్ సిగ్నల్ పడింది, పోనిచ్చాను.

రాజు